మాదన్నను పిలిచే నోరు

ఎమ్మిగనూరు నుంచి ఆదోనికి పోయే దారిలో, పత్తి బండ్లు ఆగి ఎడ్లకు నీళ్లు తాపుకొనే ఊళ్లో, బసమ్మ గొంతు తెలియనివాళ్లు లేరు. శెనక్కాయలు పీకే కాలంలో ఈ చేలో నిలబడి మూడో చేలో ఉన్న కూలోళ్లను తిట్టగలిగిన గొంతు అది. మొగుడు తొందరగా పోతే ఇద్దరు మగపిల్లల్ని ఆ గొంతుతోనే పెంచింది. చిన్నవాడు గోవిందన్నను కట్టుకొని ఆ ఇంటికి వచ్చిన దేవక్క, మొదటి ఆరు నెలలూ అత్త పిలిస్తే చేతిలో చెంబు వదిలేసేది. తర్వాత తెలిసింది, ఆ అరుపులో కోపం పావలా వంతే, తక్కినదంతా అలవాటని.

పెద్దకొడుకు మాదన్నను దేవక్క చూడనేలేదు. ఆమె కాపురానికి రాకముందు ఏడాది, వానలు లేక బావులన్నీ అడుగంటితే, మద్దికెర పక్క ఒక రైతు బావిలో పూడిక తీసే పనికి పోయాడతను. దరి విరిగి మీద పడింది. ఇరవై రెండేళ్లవాడు. అప్పటికే పిల్లను చూసి తాంబూలాలు మార్చుకున్నారు, ఇంటికి సున్నం కూడా కొట్టారు. ఫొటో తీయించుకొనే ఇల్లు కాదు గనక బొమ్మ లేదు. పెండ్లి కాలేదు గనక వెనక బిడ్డ లేదు. మనిషి పోయాక ఆ తల్లికి మిగిలింది వాడి పేరొక్కటే. రోజుకు ఒకసారైనా ఆ పేరు తలవకుండా ఆమె రొట్టె ముట్టేది కాదు.

పందొమ్మిది వందల ఏబై నాలుగులో దేవక్క మాధవరంలో, పుట్టింట్లో, మగపిల్లవాడిని కన్నది. పేరు పెట్టే రోజుకు బసమ్మ కొత్త తొట్టెల గుడ్డ చంకన పెట్టుకొని బండి దిగింది. ఏ పేరని ఎవరూ అడగలేదు, ఆమె ఎవరికీ చెప్పలేదు. బిడ్డను తొట్టెల్లో వేసి, చెవి దగ్గర నోరు పెట్టి, "మాదన్నా, మాదన్నా, మాదన్నా" అంది. చెవిలో చెప్పాల్సింది వీధి చివరిదాకా వినపడింది. చుట్టుపక్కల ఆడవాళ్లు నవ్వారు. బసమ్మ మాత్రం తొట్టెల తాడు పట్టుకొని ఏడ్చింది. రెండేళ్ల తర్వాత ఆ పేరుతో పిలిస్తే కండ్లు తిప్పి చూసే ప్రాణం ఒకటి దొరికింది మరి.

దేవక్కకు మాత్రం భయం పట్టుకుంది. పెద్దల పేర్లు పిల్లలకు పెట్టుకోవడం ఎవరింట్లో లేదు? నిండుగా బతికి, మనవళ్లను ఎత్తుకొని పోయిన తాతల పేర్లు పెట్టుకుంటారు. పెండ్లి పందిరి కూడా చూడకుండా మట్టికింద పోయినవాడి పేరు ఎవరైనా పెడతారా? రాత కూడా పేరుతో పాటే వస్తే? ఆ మాట అత్తతో అనే ధైర్యం లేదు. తల్లితో అంటే నోరు మూసుకోమంది.

అప్పుడు ఆమెకు ఆచారం అక్కరకు వచ్చింది. మొగుడి అన్న పేరు మరదలు నోటితో పలకకూడదు. అత్తమామల పేరు, మొగుడి పేరు, బావ పేరు, ఏవీ పలకకూడదు. అందుకని దేవక్క కొడుకును "బుడ్డోడా" అని పిలిచింది. తప్పు పట్టేందుకేముంది?

ఇంకో చిక్కు ఉంది, అది మాత్రం ఎవరూ ముందుగా అనుకోనిది. గోవిందన్నకూ ఆ పేరు నోట రాలేదు. పుట్టింది మొదలు "అన్నా, అన్నా" అని వెంట తిరిగినవాడు, నడుముదాకా కూడా రాని పిల్లవాడిని పట్టుకొని "ఒరే మాదన్నా" అని ఎట్ల అంటాడు? ఒక్కసారి ప్రయత్నం చేశాడు. "మా" అని ఆగిపోయి, ఎడ్లకు మేత వేసే పని గుర్తొచ్చినట్టు బయటికి పోయాడు. చాలాసేపు లోపలికి రాలేదు.

ఊళ్లోవాళ్లకు ఏ అడ్డమూ లేదు. కానీ తల్లి ఏమని పిలిస్తే ఊరు అదే పిలుస్తుంది. నాలుగేండ్లు వచ్చేసరికి ఆ పిల్లవాడు ఊరందరికీ బుడ్డోడే. కొడుకు పేరు ఇల్లంతా మోగాలని బసమ్మ ఆశపడి పెట్టుకుంటే, చివరికి దాన్ని పలికే నోరు ఆ ఇంట్లో ఆమెదొక్కటే అయింది. ఆ లోటు కూడా తనే తీర్చాలని కాబోలు, ముసలమ్మ అవసరం ఉన్నా లేకపోయినా పిలిచేది. "మాదన్నా, నీళ్లు తాగినావా? మాదన్నా, యాడికి పోతాండావు? మాదన్నా, ఊరికే పిలిసినాలే, పో!" వాడు చట్టి పగలగొట్టినప్పుడు దేవక్క చెయ్యెత్తితే అడ్డం వచ్చేది. "ఏమ్మే, మీ బావ మీదికే సెయ్యెత్తుతావా? పెద్దోళ్ల పేరు పెట్టుకున్నోన్ని కొడతారా యాడైనా?" దేవక్క చెయ్యి దించేది. మర్యాద ఇవ్వాల్సిన మనిషి చట్టి ముక్కల మధ్య కూర్చొని పండ్లికిలించేవాడు.

ఏబై తొమ్మిదిలో వాడిని బడిలో వేశారు. గోవిందన్న ఒక రైతు పత్తిని వేసుకొని ఆదోనికి బండి తోలుకుపోయిన రోజు, దేవక్కే వెంట తీసుకుపోయింది. బడి నడిపే ఏసన్న సారు పుస్తకం తెరిచి పేరు అడిగాడు. మామూలుగా అయితే ఇట్లాంటప్పుడు పక్కనున్నవాళ్లు చెబుతారు, లేకుంటే పిల్లవాడే చెబుతాడు. వాడు చెప్పడానికే నోరు తెరిచాడు. ఆ పేరు ఆ పుస్తకంలోకి ఎక్కితే ఇక జన్మంతా వదలదని దేవక్కకు ఒక్కసారిగా భయమేసింది. వాడి నోటికి చెయ్యి అడ్డం పెట్టి, "ఉరుకుందప్ప, సారూ" అంది. కాన్పుకు ముందు ఉరుకుంద దేవునికి మొక్కుకున్న మాట నిజమే గనక అబద్ధం కూడా కాదనుకుంది. సారు రాసుకున్నాడు.

మూడు రోజులు కాలేదు, ఏసన్న సారు సాయంత్రం ఆ దారినే పోతూ, "ఉరుకుందప్పా, రేపు పలక తెచ్చుకోవాల" అన్నాడు.

అరుగు మీద పత్తి గింజ ఏరుతున్న బసమ్మ తలెత్తింది. "ఈడ ఉరుకుందప్ప ఎవరు సారూ?"

"మీ మనవడే కదమ్మా. వాళ్లమ్మే రాయించి పోయినాది" అన్నాడు ఆ అమాయకుడు. చెప్పి తన దారిన తను పోయాడు.

దేవక్క పొయ్యి దగ్గరే కూర్చొని, అరుపు కోసం ఎదురు చూసింది. అరిస్తే బాగుండేది. బసమ్మ గింజలు ఏరడం ముగించి, చాట గోడకు ఆనించి, లోపలికి వచ్చి కూర్చుంది.

"భయపడినావు గదా?" అంది చిన్నగా. ఆ గొంతు అంత చిన్నగా కూడా పలుకుతుందని దేవక్కకు తెలియదు. "నా కొడుకు పేరు పెట్టుకుంటే నీ కొడుకు బతకడని."

"అట్ల కాదత్తా…"

"తల్లివి. నాకు తెలీదా ఆ భయం? నేనూ ఒకని తల్లినే. పోనీలే. నేనుండేంత వరకు నేను పిలుసుకుంటా" అంది.

ఆ మాటన్న ఎనిమిదో రోజున బసమ్మ పత్తి చేలో, వంగిన మనిషి వంగినట్టే పక్కకు ఒరిగిపోయింది. గోవిందన్న బండిలో వేసుకొని ఆదోనికి తీసుకుపోయాడు. పక్షవాతమన్నారు. మందులిచ్చి, ఇంటికి తీసుకుపొమ్మన్నారు. కుడి చెయ్యి, కుడి కాలు పోయాయి. ఊరంతా వినపడే ఆ గొంతు కూడా పోయింది.

మంచం మీద పడుకొని మనవడి వైపే చూసేది. మూతి ఒక పక్కకు లాగేది, పెదవులు కలిసేవి, ఊపిరి తప్ప ఏమీ వచ్చేది కాదు. ఆమె ఏం అనాలని చూస్తున్నదో దేవక్కకు తప్ప ఎవరికీ అర్థం కాలేదు. నీళ్లేమో అని గోవిందన్న చెంబు తెచ్చేవాడు. ఇరవై రోజులుగా ఆ ఇంట్లో మాదన్న పేరు వినపడలేదు.

దేవక్కకు అన్నం సహించలేదు. ఆచారమని అందరికీ చెప్పుకుంది గాని, అది ఆచారం కాదు, పిరికితనం. ముసలిదాని దగ్గర మిగిలిందే ఆ ఒక్క పేరు, దాన్ని కూడా తాను దాచేసింది.

"నువ్వు ఒక్కసారి పిలుసు. అత్త వింటాది" అని మొగుణ్ణి బతిమాలింది.

గోవిందన్న తల అడ్డంగా ఊపాడు. "నాకు మా అన్న కనపడతాడు. నా సేత కాదు దేవీ" అని కండ్లు తుడుచుకున్నాడు.

ఆ మధ్యాహ్నం రొట్టెలు కాల్చడం అయ్యాక, దేవక్క చేతులు కడుక్కొని వాకిట్లోకి వచ్చి నిలబడింది. వీధిలో నలుగురు ఆడవాళ్లు కూర్చొని ఉన్నారు. కొంగు నెత్తిమీదికి లాక్కొంది. బావ పేరు పలకబోతున్నది కదా, ఆ మర్యాదైనా మిగలాలి.

"మాదన్నా!" అంది. గొంతు చాలలేదు. ఊపిరి పీల్చుకొని, అత్త పిలిచినట్టే పిలిచింది. "ఓ మాదన్నా! రొట్టె తిందువు రాప్పా! మాదన్నా!"

ఆడవాళ్లు మాటలు ఆపి నోళ్లమీద చేతులు పెట్టుకున్నారు. వెనక మంచం కిర్రుమంది. దేవక్క తిరిగి చూస్తే, బసమ్మ తల ఎత్తి ఉంది. ఇరవై రోజులుగా చావు కనపడిన మొహంలో వెలుగు వచ్చింది. దేవక్కకు సంతోషమై ఏడుపు తన్నుకొచ్చింది.

పిల్లవాడు దుమ్ము కాళ్లతో పరుగెత్తుకొచ్చి, "అవ్వా" అంటూ మంచం ముందర నిలబడ్డాడు.

బసమ్మ వాడిని చూడలేదు. వాడి తలమీదుగా, వాకిలివైపే చూస్తూ ఉంది. ఎడమ చెయ్యి కష్టంగా లేపి, అడ్డం నిలబడ్డ వాడిని పక్కకు జరగమని ఊపింది. రావాల్సిన కొడుకు ఇంకా రాలేదని ఆమెకు.

దేవక్క కొడుకును తన నడుముకు అదుముకొని, గోడవారకు తప్పుకొంది. అత్త చూపుకు ఏదీ అడ్డం లేకుండా, ఇద్దరూ అట్లే నిలబడ్డారు.