పడినవాణ్ణి కొట్టని వీరుడు

మా పెద్దమ్మ పోయిన మంగళవారం కన్నుమూసింది. ముదలియార్‌పేటలో ఆమె పక్క వాటాలో ఉండే ఆయన పొద్దున్నే బస్సెక్కి వచ్చి, మా గుమ్మం బయటే నిలబడి ఆ మాట చెప్పాడు. మజ్జిగన్నం తిని పడుకుందట, ఇక లేవలేదట. నేను ఏడవలేదు. గడప మీద కూర్చుండిపోయాను. ఆమెకు ఇప్పటికైనా కాస్త విశ్రాంతి దొరికిందనిపించింది. అలా అనిపించినందుకు సిగ్గేసింది కూడా.

పెద్దమ్మ మా అమ్మకు అక్క. పెద్ద మార్కెట్టు దగ్గర ఆమెకు గుండీలు, దారాలు, లేసులు అమ్మే చిన్న అంగడి ఉండేది. మాది తమిళ ఊరు కావడంతో, ఇంట్లో మాట్లాడేది తెలుగే అయినా ఆమెకు తెలుగు అక్షరం ఒక్కటీ రాదు. తమిళ బడిలో నాలుగో తరగతి దాకా చదువుకుంది. మా నాన్న యానాం నుంచి వచ్చినవాడు గనుక నాకు తెలుగు రాయడం వచ్చింది. ఇప్పుడు ఆమె చదవలేని అక్షరాల్లోనే ఆమె గురించి రాస్తున్నాను.

ఆ నాలుగు తరగతుల చదువుతో ఆమె చదివినవన్నీ బొమ్మల కథల పుస్తకాలే. అందులోనూ ఒకే ఒక్క వీరుడివి. వాడి పేరు అలై వీరన్, అంటే అలల వీరుడు. మద్రాసులో ఏదో చిన్న ప్రెస్సులో అచ్చయి, డెబ్భైల మొదట్లో నెలనెలా వచ్చేది ఆ పుస్తకం. వాడు సముద్రం మీద పరుగెత్తేవాడు. అచ్చు సరిగా కుదరక వాడి తొడుగు నీలం రంగు గీత దాటి పక్కనున్న మనుషుల మీదికి కూడా కారేది. మధ్యాహ్నం బేరాలు లేనప్పుడు పెద్దమ్మ పుస్తకం ఒళ్ళో పెట్టుకుని, ఒక్కో అక్షరం కింద వేలు జరుపుకుంటూ చదివి, మాకు తెలుగులో చెప్పేది.

ఆ వీరుడికి ఒక పద్ధతి ఉండేది. దొంగ ఎంత దుర్మార్గుడైనా, ఒకసారి కింద పడ్డాడంటే ఇక వాడి మీద చెయ్యి ఎత్తడు. వాడు లేచేదాకా పక్కనే ఆగుతాడు. పిల్లలం మాకు అక్కడ విసుగు పుట్టేది. పెద్దమ్మ మాత్రం ఆ బొమ్మ దగ్గరే ఎక్కువసేపు ఆగేది.

ఎందుకో నాకు చాలా ఏళ్ళకు అమ్మ చెప్పింది. పెదనాన్న ఒక తగాదాలో పోయాడు. అంగడి ముందు చోటు కోసం మొదలైన మాటలు అవి. మొదటి దెబ్బకే ఆయన కింద పడ్డాడు. ఆ దెబ్బకు పోయేవాడు కాదట. పడ్డాక తన్నారు. అప్పటికి పెద్దమ్మకు ఇరవై ఆరేళ్ళు.

ఇంట్లో ఎవరైనా ఎవరినైనా మరీ గట్టిగా తిడుతుంటే ఆమె అడ్డం వచ్చేది. నేను లెక్కల్లో తప్పినప్పుడు నాన్న ఆపకుండా తిట్టాడు. పెద్దమ్మ నా పక్కన చాప మీద కూర్చుని, "పడిండాది కదా మరిదీ, లేవనీ" అంది. నాన్న ఊరుకున్నాడు.

కొన్నేళ్ళకు పుస్తకం ఆగిపోయింది. ఎందుకో ఎవరూ చెప్పలేదు. పాతవి చిరిగిపోతుంటే పెద్దమ్మ గుండీల దారంతో కుట్టుకుని మళ్ళీ మళ్ళీ చదివేది. పదేళ్ళ తరవాత, నేను కాలేజీలో ఉండగా, పుస్తకాల కొట్టు దగ్గర ఒక కాగితం అతికించారు. అలై వీరన్ మళ్ళీ వస్తున్నాడని. ఆ నెలంతా పెద్దమ్మ కొత్త చీర కట్టుకున్న మనిషిలా తిరిగింది. పుస్తకం వచ్చిన రోజు అంగడి తలుపు దగ్గరగా వేసి కూర్చుంది.

కాగితం నున్నగా ఉంది. రంగులు గీత దాటలేదు. వీరుడికి గడ్డం వచ్చింది, నడుముకు తుపాకీ వచ్చింది. నాలుగో పేజీలో ఒకడు కింద పడి చేతులు జోడిస్తున్నాడు. వీరుడు వాడి రొమ్ము మీద కాలు పెట్టి నవ్వుతున్నాడు. పెద్దమ్మ పుస్తకం మూసి, మళ్ళీ తెరిచి, అదే పేజీ చూసింది. పొరపాటున వేసుంటారులే అంది. రెండో నెల అంతకంటే ఘోరంగా ఉంది. మూడో నెల నన్ను పిలిచి, "అమ్మణ్ణీ, కాలేజీ లేని రోజు చెప్పు. మద్రాసుకు పోవాల" అంది.

చివరి పేజీలో ఉన్న అడ్రసు పట్టుకుని వెళ్ళాం. దారంతా నాకు తలవంపుగా ఉంది. ఎవరైనా కాలేజీవాళ్ళు చూస్తే ఏం చెప్పాలి? ఇరుకు మెట్లెక్కితే ఒక గది. మెడలో తువ్వాలు వేసుకున్న సంపాదకుడు ప్రూఫులు దిద్దుకుంటున్నాడు. పెద్దమ్మ నాలుగో పేజీ తెరిచి ఆయన బల్ల మీద పెట్టి, వీడు ఇట్లాంటివాడు కాదని తమిళంలో నెమ్మదిగా చెప్పింది.

ఆయన నవ్వలేదు. కూర్చోమన్నాడు. పాత బొమ్మలు వేసినాయనకు చూపు పోయిందని, యజమాని మారాడని, సినిమాలు చూసే పిల్లల కంటికి పాత వీరుడు ఆనడం లేదని చెప్పాడు. తనకూ పాతవాడే ఇష్టమన్నాడు. పడినవాణ్ణి మాత్రం కొట్టించవద్దని పెద్దమ్మ అడిగింది. యజమానికి చెప్పి చూస్తానన్నాడు. ఆ గొంతులోనే తెలిసిపోయింది, చెప్పడని కాదు, చెప్పినా జరగదని. కాఫీ తెప్పించి, రాబోయే నెల పుస్తకం ముందుగానే ఊరికే ఇచ్చాడు. అట్ట మీద వీరుడు ఒకడి వీపు తొక్కి నిలబడి ఉన్నాడు. పెద్దమ్మ దాన్ని రెండు చేతులతో అందుకుంది.

పోట్లాడటానికి ఒక చెడ్డవాడు ఉండుంటే ఆమె అంత అలసిపోయేది కాదేమో. బస్సులో కిటికీకి తల ఆనించి కూర్చుంది. ఉత్త కాగితం బొమ్మ కదా, ఇంత ఎందుకని అడిగాను.

"బొమ్మేలే. నాకు తెలీదా? మీ పెదనాన్నను తన్నినోళ్ళలో ఒక్కడు ఆగింటే చాలు. అట్లాంటోడు యాడో ఒకడన్నా ఉండాడనుకుంటా ఉంటి."

దిగేటప్పుడు కొత్త పుస్తకాన్ని సీటు మీదే వదిలేసింది. మళ్ళీ కొనలేదు. ఏడాది తిరక్కుండా అది మళ్ళీ ఆగిపోయిందని విన్నప్పుడు ఆమె సంతోషపడలేదు. "పాపం, ఆ తువ్వాలాయనకు పని పోయింటాది" అంది.

పోయినేడు ఎండల్లో నేను హుక్కులు కొనడానికి అంగడికి వెళ్ళాను. మలుపు దగ్గర ఇద్దరు బండివాళ్ళు తగాదా పడుతున్నారు. ఒకడు కింద పడ్డాడు. రెండోవాడు కాలెత్తాడు. చుట్టూ మనుషులున్నారు. నేనూ ఉన్నాను, చూస్తూ. పెద్దమ్మ చేతిలో లేసు పక్కన పెట్టి, మోకాళ్ళ నొప్పితో ఒక్కో మెట్టే దిగి, రోడ్డు దాటి, పడినవాడి పక్కన ఆ వేడి తారు మీద కూర్చుంది. రెండోవాడు ఎత్తిన కాలు దించి, కాసేపు రొప్పుతూ నిలబడి, తన బండి దగ్గరికి వెళ్ళిపోయాడు. పడినవాడు పెదవి తుడుచుకుంటూ లేచాడు. పెద్దమ్మకు లేవడం చేతకాలేదు. వాడే చెయ్యి ఇచ్చి లేపాడు.

అంగడిలోకి వచ్చి, కాళ్ళు లాగతా ఉండాయని ఒక్క మాట అని, దారం పెట్టెల మధ్య నేల మీదే ఒరిగి నిద్రపోయింది. ఒకామె వచ్చి తెల్లదారం అడిగింది. పెద్దమ్మను లేపబుద్ధి కాలేదు. నేనే వెతికి తీసి ఇచ్చాను. పెద్దమ్మ నోరు కొంచెం తెరుచుకుని ఉంది. చీర మోకాళ్ళ దగ్గర రోడ్డు మట్టి అంటుకుని ఉంది. ఫ్యాను గాలికి లేసు కొస ఆమె చేతి మీద మెల్లగా కదులుతోంది.