కత్తుల వ్యాపారి మొదటి పెళ్ళాం

షెఫీల్డ్ నుంచి బర్మింగ్‌హామ్ వెళ్ళే రైల్లో మా ఎదురుగా ఒక అమెరికా ముసలాయన కూర్చున్నాడు. బల్ల నిండా పెద్ద కాగితం పరిచాడు. దాని మీద అన్నీ పేర్లే. నాకు ఇంగ్లీషు రాదు. ఆయన చెప్పేది మా చెల్లెలి కూతురు శిరీష తెలుగులో చెబుతుంటే విన్నాను.

ఆయన ముత్తాత షెఫీల్డ్‌లో కత్తులు సానబట్టేవాడట. ఓడెక్కి అమెరికా పోయి, కత్తుల వ్యాపారం చేసి, మేడలు కట్టాడట. ఆ వంశం ఎక్కడ మొదలైందో వెతుక్కుంటూ ఈయన ఇంత దూరం వచ్చాడు.

"చర్చి పుస్తకంలో ఒక తమాషా దొరికింది," అని నవ్వాడు. "మా ముత్తాతకి ఇక్కడే ఒక భార్య ఉంది. ఆవిణ్ణి వదిలేసి అక్కడ ఇంకో పెళ్ళి చేసుకున్నాడు. ఇక్కడి ఆవిడ పోయినప్పుడు పుస్తకంలో విధవ అని రాశారు. అప్పటికి ఆయన అక్కడ నిక్షేపంగా ఉన్నాడు!"

నాకు ఒళ్ళు మండింది. నేను మొగుడు పోయాక విధవనయ్యాను. ఆవిడేమో మొగుడు బతికుండగానే అయింది.

"ఆవిణ్ణి ఈ కాగితంలో ఎక్కడ రాశాడో అడగవే," అన్నాను.

శిరీష అడిగింది. "రాయలేదట పెద్దమ్మా. ఆవిడకి పిల్లల్లేరు కదా, రాసి ఏం లాభం అంటున్నాడు."

"నాకూ లేరని చెప్పు."

"ఊరుకో పెద్దమ్మా, పాపం పెద్దాయన."

"పాపం ఎవరే? పోనీ, దాని పేరేంటో అడుగు."

ఆయన సంచిలో కాగితాలన్నీ తిరగేశాడు. ముత్తాత ఎక్కిన ఓడ పేరు దొరికింది. ఆమె పేరు రాసుకోలేదట.

మేం దిగేటప్పుడు పైనుంచి నా పెట్టె ఆయనే దింపి ఇచ్చాడు. చాలా మర్యాదస్తుడు.