చెయ్యి విడిపించుకోవడం

నలభై మూడో ఏట నేను తెల్ల బెల్టు కట్టుకుని పదేళ్ళ పిల్లల వరసలో నిలబడ్డాను. సెమిలిగుడ జంక్షన్‌కి కాస్త ఇవతల, రేకుల కప్పున్న ఒక పాత హాల్లో. బయట అల్యూమినియం ఫ్యాక్టరీ వైపు లారీలు పోతుంటే ఆ హాలు గోడలు అదిరేవి. నాకు కరాటే మీద మోజేమీ లేదు. మా అమ్మాయి నాతో మాట్లాడటం మానేసింది, మళ్ళీ మాట్లాడుతుందేమోనన్న ఆశతో వెళ్ళాను. అంతే.

ముందు నా సంగతి చెప్పాలి. నేను నర్సుని. మాది విజయనగరం వైపు, ఉద్యోగాల కోసం కొండలెక్కి ఒడిశా వచ్చినవాళ్ళం. పెళ్ళయిన కొత్తలో రాయగడ జిల్లా కల్యాణసింగ్‌పూర్‌లో పనిచేశాను. కొండ ఊళ్ళకి ఒక్కదాన్నే నడిచి వెళ్ళి పిల్లలకి సూదులు వేసి వచ్చేదాన్ని. దారిలో ఎవడైనా వెకిలి మాటంటే అక్కడికక్కడే కడిగి పారేసేదాన్ని. కోపం నాకు ముక్కు మీదే ఉంటుంది. ఇప్పుడు ఇక్కడి ఆసుపత్రి వార్డులో నా చెప్పుల చప్పుడు వినబడితే కునుకు తీస్తున్న అటెండరు లేచి నిలబడతాడు. ఇలాంటిదాని కూతుర్ని ఎవరేం చేస్తారులే అనుకునేదాన్ని. ఎంత పొగరో చూడండి.

మా ఆయనకి రాయగడలో ఆఫీసు ఉద్యోగం. శనివారం సాయంత్రం వచ్చి సోమవారం పొద్దున్నే వెళ్ళిపోయేవారు. మిగతా రోజులు ఇంట్లో నేనూ మా అమ్మాయీ. అప్పుడు దానికి పదమూడేళ్ళు. ఒట్టి వాగుడుకాయ. బడి నుంచి వచ్చి, చెప్పులైనా విప్పకుండా గుమ్మంలోనే కబుర్లు మొదలుపెట్టేది. ఆ ఏడాది వానలు పడ్డాక ఒక్కొక్కటే తగ్గుతూ వచ్చింది. ముందు కబుర్లు తగ్గాయి. తర్వాత నవ్వు. తలకి నూనె రాయబోతే నేనే రాసుకుంటానని సీసా లాక్కునేది. భుజం మీద చెయ్యి వేస్తే పక్కకి జరిగిపోయేది. ఆదివారం వచ్చిందంటే కడుపునొప్పి. నర్సుని కదా, పొట్ట నొక్కి చూసి, ఏ రోగమూ లేదని తేల్చేసి, లేచి చర్చికి తయారవమనేదాన్ని.

మా ఆదివారం ఆరాధన గురించి తెలియనివాళ్ళకి ఒక మాట. ప్రార్థన అయ్యాక తలుపు దగ్గర అందరం చేతులు కలుపుకుని వందనాలు చెప్పుకుంటాం. చిన్నపిల్లలైనా సరే, పెద్దల దగ్గరికి వెళ్ళి చెయ్యిచ్చి వందనాలండీ అనాలి. అలా చెయ్యని పిల్లకి పెంపకం సరిగ్గా లేదంటారు. తలుపు దగ్గర ముందుగా నిలబడేది మా సంఘపెద్ద. అరవై దాటిన మనిషి. మేము ఈ ఊరికి కొత్తగా వచ్చినప్పుడు అద్దె ఇల్లు చూసిపెట్టింది కూడా ఆయనే. మా అమ్మాయి ఆయన ముందుకి వచ్చేసరికి చేతులు చున్నీలో దూర్చేసుకునేది. పెద్దాయనకి సెయ్యివ్వవేటమ్మి, అని నేను నలుగురూ వినేలా గదిమేదాన్ని. అది చెయ్యి ఇచ్చేది. ఇంటికొచ్చాక నా పరువు తీశావని ఒంటికాలి మీద లేచేదాన్ని. ఒక్క ఆదివారం కాదు, ఎన్నో ఆదివారాలు ఈ పని చేశాను. ఇది రాస్తుంటే ఇప్పటికీ నా చెంప నేనే వాయించుకోవాలనిపిస్తుంది.

ఆ చలికాలం వాళ్ళ బడికి కొత్త ఆటల టీచరు వచ్చింది. కుందుర వైపు పల్లెటూరి పిల్ల, ఇరవై ఆరేళ్ళుంటాయేమో, నా భుజం దాకా కూడా రాదు. సాయంత్రాలు ఆడపిల్లలకి కరాటే నేర్పుతానని, కావాలంటే తల్లులు కూడా రావచ్చని చెప్పిందట. పిల్లలంతా ఆమెని దీదీ అనేవారు. మా అమ్మాయి ఒకరోజు అన్నం తింటూ, కంచంలోంచి తల ఎత్తకుండా, కరాటేకి వెళ్తానంది. నెలల తర్వాత అది నన్నొకటి అడగడం అదే. కత్తిసాము నేర్చుకుంటానన్నా సరే అనేదాన్నే. కాసేపాగి, నువ్వూ రా అంది. 

మొదటి రెండు రోజులు గోడవార బెంచీ మీద కూర్చున్నాను. మూడో రోజు దీదీ వచ్చి, కూర్చుంటే చలేస్తుంది మావుసీ, లేచి నిలబడండి అని ఒడియాలో అంది, మావుసీ అంటే పిన్ని. ఈ కొండల చలి సంగతి తెలిసినవాళ్ళకి అంతకంటే వేరే కారణం అక్కర్లేదు. లేచాను. మా ఇద్దరికీ నా పాత తెల్ల యూనిఫాం చీరలు చింపి డ్రెస్సులు కుట్టాను. మిగతా పిల్లలు చెయ్యి విసిరితే గుడ్డ టపటపలాడేది. మావి ఉతికి ఉతికి మెత్తబడిపోయిన గుడ్డలు, చప్పుడే చేసేవి కావు.

అక్కడ దీదీ ఏది చెప్పినా అందరూ ఒక్క గొంతుతో "ఓస్" అనాలి. సరేనండీ, చేస్తానండీ అని దాని అర్థమట. నేర్పే మనిషిని పట్టుకుని మన తెలుగువాళ్ళం ఓస్ అని ఎలా అంటాం చెప్పండి. ఓస్, ఇంతేనా అని తీసిపారేసినట్టుండదూ. మొదటిసారి మా అమ్మాయి దీదీ మొహం మీదే ఓస్ అంటే కళ్ళురిమి చూశాను. తర్వాత ఇంట్లో గిన్నెలు తోమమన్నా ఓస్ అనడం మొదలుపెట్టింది. అది ఏ భాషలో అంటోందో నాకు అంతుపట్టేది కాదు. తిడదామని నోరు తెరిచి ఊరుకునేదాన్ని. ఏదో ఒకటి అంటోంది, అది చాలనిపించేది.

గుర్రమెక్కినట్టు కాళ్ళు ఎడం చేసి నిలబడటం, పిడికిలి బిగించడం, మోచెయ్యి అడ్డం పెట్టడం, ఇలా వారాలు గడిచాయి. ఒకరోజు నేను కాలు గాల్లోకి విసిరి, ఆ కాలు కిందికి రాకముందే నేను వచ్చేశాను, వెల్లకిలా. హాలంతా నిశ్శబ్దం. దీదీ పరిగెత్తుకొచ్చింది. ఆ నిశ్శబ్దంలోంచి మా అమ్మాయి కిసుక్కుమంది. తర్వాత కడుపు పట్టుకుని నేల మీద కూర్చుని నవ్వింది. నడుం పట్టేసి నేను మూడు రోజులు వంగలేకపోయాను గానీ, ఆ నవ్వు కోసం రోజూ పడమన్నా పడేదాన్ని.

ఎవరైనా పట్టుకుంటే ఎలా విడిపించుకోవాలో దీదీ ఆ తర్వాతి వారం నేర్పింది. ఇద్దరిద్దర్ని జత చేసింది. నాకు జత మా అమ్మాయి. నేను పట్టుకోవాలి, అది విడిపించుకోవాలి. దాని మణికట్టు పట్టుకున్నాను. ఇరవై ఏళ్ళ అలవాటు, నా వేళ్ళు వాటంతట అవే వెళ్ళి నాడి మీద ఆగాయి. దీదీ చూసి, దుండగుడు అలా పట్టుకుంటాడా మావుసీ, మీరు నాడి చూస్తున్నారు అని నవ్వింది. పిల్లలూ నవ్వారు. నాకు నవ్వు రాలేదు. దాని నాడి పరుగులు పెడుతోంది. అప్పటికి ఇంకా ఎవరూ ఒక్క గెంతు కూడా గెంతలేదు. అది నా మొహం చూడటం లేదు, చేతినే చూస్తోంది.

"అలాక్కాదమ్మా," అంది నెమ్మదిగా. "వందనాలు సెప్పినట్టు పట్టుకో."

నాకు బోధపడలేదు. కుడిచెయ్యి చాపింది. నేను నా చెయ్యి కలిపాను.

"గట్టిగా పట్టుకో. నవ్వుతా పట్టుకో. నేను లాక్కున్నా వదలకు."

అప్పుడు బోధపడింది. ఎవరని అడగాల్సిన పని లేకపోయింది.  చేతిని వదిలేసి దాన్ని గుండెలకి హత్తుకుందామనుకున్నాను. వదలొద్దంది. దాని కళ్ళలో నీళ్ళున్నాయి, చెయ్యి మాత్రం చాపే ఉంచింది. దీదీని చేత్తో పిలిచాను. ఆమె వచ్చి మా చేతుల వైపు చూసింది, పిల్ల మొహం చూసింది.  మిగతా పిల్లల్ని నీళ్ళు తాగి రమ్మని బయటికి పంపేసి, మా మధ్య మోకాళ్ళ మీద కూర్చుంది.

షేక్‌హ్యాండ్ పట్టు విడిపించుకోవడానికి వేరే పద్ధతుందట. ఎడమచెయ్యి తెచ్చి తన కుడి పిడికిలినే పట్టుకుని, ఒక అడుగు వెనక్కి వేసి, ఎదుటివాడి బొటనవేలి వైపు ఒక్కసారి లాగాలి. పట్టు ఎప్పుడూ అక్కడే వదులుగా ఉంటుందని దీదీ చూపించింది. మొదటిసారి రాలేదు. రెండోసారీ రాలేదు. నేను జాలిపడి కాస్త సడలిస్తే మా అమ్మాయి కోప్పడింది, అచ్చం నాలాగే. నాలుగోసారో ఐదోసారో నా చేతిలోంచి దాని చెయ్యి ఊడి వచ్చేసింది. ఇంకోసారి అంది. మళ్ళీ పట్టుకున్నాను, మళ్ళీ లాక్కుంది. ఇంకోసారి. నా అరచెయ్యి ఎర్రగా కందిపోయేదాకా అలా చేస్తూనే ఉంది. ఇక చాలనిపించాక దీదీ తన సీసాలో తెచ్చుకున్న చోడి అంబలి, అదే రాగి జావ, దానికిచ్చింది. అది రెండు గుక్కలు తాగి మూతి తుడుచుకుంది.

"ఆయన అందరి ముందే పట్టుకుంటాడమ్మా. ఎంతకీ వదలడు. ఎవులికీ తెలీదు," అంది. "నువ్వు కూడా సూసేవు."

నిజమే, చూశాను. ప్రతి ఆదివారం ఒక గజం దూరంలో నిలబడి చూశాను. ఆ సిమెంటు నేల మీద కూలబడిపోయి, తప్పు నాదమ్మి, నాదే అని ఏడ్చాను. వార్డులో నన్ను ఎవరూ ఏడవగా చూసి ఉండరు. అది నా పక్కన వచ్చి కూర్చుంది. నెలల తర్వాత దాని తల నా భుజానికి ఆనింది. దీదీ తలుపు దగ్గరికి వెళ్ళి, లోపలికి ఎవరూ రాకుండా నిలబడింది.

హాల్లోంచి బయటపడ్డాక తిన్నగా ఆ మనిషి ఇంటి వైపే నడిచాను. నా కోపం నాకు తెలుసు, ఆ రోజు గుమ్మం దగ్గరే ఆయన్ని నిలబెట్టి వీధంతా పోగయ్యేలా కడిగేసేదాన్ని. మా అమ్మాయి నా కుర్తా అంచు పట్టుకుని ఆపింది. "నువ్వెల్లి అరిస్తే ఊరంతా నీ కోపం గురించే సెప్పుకుంటారమ్మా," అంది. "ఆదివారం నేనే సెప్తాను." పదమూడేళ్ళ పిల్లకి అంత తెలివి ఎక్కడిదో. నాకైతే ఇన్నేళ్ళొచ్చినా రాలేదు. శనివారం మా ఆయన వచ్చాక చెప్పాను.  ఆయన లేచి వెళ్ళి, దాని పుస్తకాల బల్ల దగ్గర నేల మీద కూర్చుని, రేపు నేనెక్కడ నిలబడాలో చెప్పమ్మా అని అడిగారు. తర్వాత మేమిద్దరం పాస్టరుగారి దగ్గరికి వెళ్ళడం, సంఘంలో మాటా మాటా పెరగడం, ఆ మనిషి పెద్దరికం ఊడిపోవడం చాలా రోజులు నడిచిన గొడవ. అదంతా ఇక్కడ వద్దు. ఆ ఆదివారం మాత్రం చెప్పాలి.

ప్రార్థన అయింది. తలుపు దగ్గర వరస కట్టాం. ముందు మా అమ్మాయి, దాని వెనక మేమిద్దరం. నా పిడికిళ్ళు బిగుసుకునే ఉన్నాయి. సంఘపెద్ద ఎప్పటిలాగే చిరునవ్వుతో చెయ్యి చాపాడు.

మా అమ్మాయి రెండు చేతులూ కిందకి వదిలి నిటారుగా నిలబడింది. "వందనాలండీ," అంది. "సెయ్యి మాత్రం ఇవ్వను. మీరు వదలరు."

గొంతు పెంచలేదు. మామూలుగా చెప్పింది. అయినా వరస మొత్తం వింది. ఆయన నవ్వు అలాగే ఉండిపోయింది, చెయ్యి గాల్లో ఉండిపోయింది. పక్కనున్న ఒక ముసలావిడ, పెద్దాయనతో అదేం మాటమ్మి అని అందుకుంది. పిల్ల సరిగ్గానే చెప్పిందండీ అన్నాను నేను. అంతకంటే ఒక్క మాట కూడా అనలేదు. నా జీవితంలో నేను నోరు కట్టుకున్న సందర్భాలు తక్కువ, అందులో ఇదొకటి. మా అమ్మాయి ఆయన్ని దాటి మెట్లు దిగి, ఎండలోకి వెళ్ళి నిలబడింది.

మా వెనక ఇంకో తల్లి ఉంది, తొమ్మిదేళ్ళ కూతురితో. మా వీధి చివర కిరాణా కొట్టు పక్కింట్లో ఉంటారు. పెద్దాయన గాల్లో ఉన్న చేతిని వాళ్ళ వైపు తిప్పాడు. ఆ పిల్ల ఒకసారి బయట నిలబడ్డ మా అమ్మాయిని చూసింది. చూసి, రెండు చేతులూ వీపు వెనక దాచేసుకుంది.

తల్లి గదమడానికి నోరు తెరిచింది. తెరిచి, పిల్ల మొహం చూసి, ఆగిపోయింది. వరసలోంచి పక్కకి జరిగి, అక్కడే గచ్చు మీద పిల్ల ఎదురుగా కూర్చుంది. "ఏటయిందమ్మా, నాకు సెప్పు," అని అడిగింది. అన్ని నెలల్లో నేను ఒక్కసారి కూడా అలా కూర్చుని అడగలేదు.