గుడ్డిగుర్రం పళ్లు

ఆ వీధిలో ఆమెను అందరూ మిషనక్క అంటారు. ముందుగదిలో కుట్టుమిషను, పెరట్లో రేకుల షెడ్డు, షెడ్డులో ముసలి గుర్రం. మొగుడు పోయాక ఆయన జట్కాబండి తానే తోలి, ఇద్దరు ఆడపిల్లలను ఆ గుర్రం రెక్కల కష్టం మీదే పెంచింది. గుర్రానికి రెక్కలెక్కడివని అడక్కండి, కష్టం మాత్రం దానిదే. ఇప్పుడు దానికి రెండు కళ్లూ పోయాయి.

ఇళ్ల మధ్య పశువులు ఉండకూడదని, ఊరి బయట సంరక్షణ కేంద్రానికి పంపాలని మున్సిపాలిటీ నిబంధన పెట్టింది. గుర్రాన్ని తోలుకుపోయారు. కొన్నాళ్లకు చూడబోతే అది ఎముకల గూడై నిలబడి ఉంది. మిషనక్క ఎవరినీ అడగలేదు, పగ్గం పట్టుకుని ఇంటికి నడిపించుకొచ్చేసింది. మళ్లీ తీసుకెళ్తామని నోటీసొచ్చింది. ఈసారి వెళ్తే బతకదని ఆమెకు తెలుసు.

సరిగ్గా అప్పుడే శాసనసభ కమిటీ ఒకటి ఊరికొచ్చింది. ఇళ్ల స్థలాల నిబంధనలూ జంతువుల రక్షణ నియమాలూ సమీక్షిస్తారట, ఎవరైనా వచ్చి చెప్పుకోవచ్చట. పెద్దవాళ్లతో మనకెందుకు వదినా అని ఇంట్లోనే ఉండే ఆడపడుచు మొత్తుకుంది. వింటేగా! పోయి ముందు వరుసలో కూర్చుంది.

ఆమె వంతు రాగానే మున్సిపల్ అధికారి విసుక్కున్నాడు.

"ఊరినిండా సమస్యలు పెట్టుకుని, గుడ్డిగుర్రాలకు పళ్లు తోముతూ కూర్చుందామా?"

హాలంతా గొల్లున నవ్వింది. మిషనక్క లేచి నిలబడింది. గొంతు మాత్రం పెంచలేదు.

"నేను రోజూ తోముతున్నాను సార్. దాని పళ్లు అరిగిపోయాయి. గడ్డి బుగ్గలో ఇరుక్కుంటే ఇక మేత ముట్టదు. వేలికి తడిగుడ్డ చుట్టి తీస్తాను. మీ కేంద్రంలో ఆ పని చేసే మనిషిని చూపించండి, ఇవాళే నా చేత్తో అప్పగిస్తాను."

ఎవరు చేస్తారండీ అని కమిటీ అధ్యక్షురాలు అధికారినే అడిగింది. అలాంటి మనిషెవరూ లేరని ఆయన ఒప్పుకున్నాడు. ముసలి జంతువులు సాకినవాళ్ల దగ్గరే ఉండేలా నిబంధన మార్చాలని, అందాకా దేన్నీ తరలించవద్దని కమిటీ రాసింది.

మర్నాడు పొద్దున్నే కుట్టుకు బట్టలు తెచ్చినవాళ్లను కూర్చోబెట్టి, ఏం చేస్తున్నావు వదినా అని ఆడపడుచు పెరట్లోకి కేకేసింది.

"వస్తున్నా ఉండమను," షెడ్డులోంచి తాపీగా జవాబొచ్చింది. "గుడ్డిగుర్రానికి పళ్లు తోముతున్నాను."