కాత్యాయని గారి దెయ్యం బొమ్మ

కాత్యాయని గారు ఏదీ పారెయ్యరు. ఈ పరాయి దేశంలో, చోవా చూ కాంగ్ అనే పేటలో మా పక్క ఫ్లాటే ఆవిడది. పాలపొడి డబ్బాలు, గుడ్ల అట్టలు, కొబ్బరి చిప్పలు, చిరిగిన దిండు గలీబులు, అన్నీ ఆ ఇంట్లో హోదాగా కూర్చుంటాయి. ఎందుకండీ ఈ చెత్తంతా అని నేను విసుక్కుంటే నావైపు జాలిగా చూస్తారు, బుద్ధి తక్కువైంది నాకే అన్నట్టు. భర్త కృష్ణప్రసాద్ గారు ఆ పోట్లాట ఎప్పుడో మానుకున్నారు. ఆఫీసు పని మీద నెలలో సగం రోజులు మలేషియాలోనే ఉంటారు కాబట్టి బతికిపోయారు.

ఆఖరికి దువ్వెనకు చిక్కిన జుట్టు కూడా పారెయ్యరు ఈవిడ. బాపట్లలో జుట్టుకు బదులు స్టీలు గిన్నెలిచ్చేవాళ్ళు వీధిలోకి వచ్చేవారట. ఉండ చుట్టి కవర్లో దాచడం చిన్నప్పటి అలవాటు. ఇక్కడ పదో అంతస్తు ఎక్కి వచ్చి జుట్టు కొనేదెవరు? అయినా దాస్తారు. వసారా చివరి ఫ్లాట్‌లో ఉండే నిఖిల జుట్టు కూడా ఆ కవర్లోకే చేరేది. నిఖిలది కరీంనగర్, రాఫెల్స్ ప్లేస్‌లో బ్యాంకు ఉద్యోగం. పోయినసారి ఐదో నెలలో కడుపు పోయింది. ఇది జరిగేనాటికి మళ్ళీ ఏడో నెల. తల్లి దగ్గర లేదు కదా అని కాత్యాయని గారే శనివారం శనివారం కూర్చోబెట్టి తలకు నూనె రాసి జడ వేసేవారు.

పోయిన అక్టోబరులో హాలోవీన్ అనే దెయ్యాల పండగ వస్తోందని వసారా పిల్లలంతా ఆవిడ మీద పడ్డారు. కొన్నవి వద్దు, మీ ఇంట్లో ఉన్న వాటితోనే దెయ్యాలు చేసివ్వమని. ఆవిడకు అంతకంటే ఏం కావాలి? డబ్బాలకు చిల్లులు పొడిచి దీపాలు చేశారు. గుడ్ల అట్టలు కత్తిరించి, నల్లరంగు పూసి గబ్బిలాలు చేశారు. ఇక చివరగా పెద్ద దెయ్యం బొమ్మ. ఒంటికి దిండులోని దూది. రంగు అయిపోతే ముఖానికి పసుపు పూశారు, మూతికి నెత్తురని కుంకుమ నీళ్ళు. నిఖిల ఇచ్చిన పాతబట్టల కవర్లోంచి ఆకుపచ్చ గౌను తీసి తొడిగారు. వదులుగా ఉందని పొట్ట దగ్గర మడతపెట్టి గుండుసూదులు గుచ్చారు. జుట్టు కావాల్సి వస్తే దాచిన కవరు ఉండనే ఉంది. నిఖిల జుట్టు పొడుగు, పైగా గోరింటాకు ఎరుపు. అది అతికించగానే బొమ్మకు ప్రాణం వచ్చిందని మురిసిపోయారు. అన్నిట్లోకీ బాగా కుదిరింది కదా అని, తనకు అందరికంటే ఇష్టమైన పిల్ల ఇంటి గేటుకే తగిలించి వచ్చారు.

ఆ సాయంత్రం వాన. వసారా అంతా మసకగా ఉంది. కేక వినబడి నేను తలుపు తీసేసరికి నిఖిల తన గేటు ముందు గోడకు ఆనుకుని, రెండు చేతులతో పొట్ట పట్టుకుని ఉంది. కాత్యాయని గారు నాకంటే ముందే పరిగెత్తారు. నిఖిల ఆవిడను దగ్గరికి రానివ్వలేదు.

"అది నా జుట్టు ఆంటీ. నా జుట్టు మీరెందుకు దాచిపెట్టుకున్నరు?"

ఆ గౌను పోయినసారి కడుపుతో ఉన్నప్పటిదట, రక్తం పోయిన రోజున ఒంటి మీద ఉన్నది అదేనట. ఇంట్లో ఉంచుకోలేక ఇచ్చేసిందట. ఇవన్నీ చెప్పింది నిఖిల. తరవాత ఒక్కసారిగా ఆగి, బిడ్డ కదలడం లేదంది. భర్త ఉదయ్‌కిరణ్ లోపలినుంచి వచ్చి అప్పటికప్పుడే టాక్సీలో ఆసుపత్రికి తీసుకుపోయాడు.

అప్పుడు చూశారు కాత్యాయని గారు తన బొమ్మను. పసుపు, కుంకుమ, తలవెంట్రుకలు, విడిచిన బట్ట, పొట్టలో సూదులు. చేతబడి అంటే ఆవిడకు తెలియనిదా? చిన్నప్పుడు నాలుగు దారుల దగ్గర ఇలాంటివి కనబడితే చుట్టూ తిరిగి బడికి వెళ్ళిన మనిషి. నిఖిలది ఒక భయమైతే ఈవిడది అంతకు పదింతలు. అదంతా తన చేతులతో చేసింది. గబగబా సూదులు లాగుతుంటే వేలికి గుచ్చుకుంది, అదీ చూసుకోలేదు.

"తెలియక చేసినా తగులుతుందా అండీ?" అని నన్నడిగారు.

దూదికీ గుడ్డకీ ఏం తెలుస్తుంది, నోరు మూసుకుని పదండి అని కసిరాను. కసిరానే కానీ ఆ బొమ్మను నేనూ ముట్టుకోలేదు. ఇంకో టాక్సీ పట్టుకుని వెనకే వెళ్ళాం. దారంతా ఆవిడ ఏ దేవుణ్ణీ వదిలిపెట్టలేదు. మధ్యలో ఒక్కమాట అన్నారు: తనకు పిల్లల్లేరు కదా, ఆ అమ్మాయి మనసులో ఏం మెదిలిందో ఆ కళ్ళలోనే కనబడిందని. బాపట్లలో సీమంతాలకు పిలిచినా, పిల్లల్లేని చెయ్యి తగలకూడదని ఆవిడను గాజులు తొడగనిచ్చేవారు కాదట. ఆ భయం సముద్రం దాటి వచ్చినా పోలేదు. నాకు ఒళ్ళు మండింది, ఎవరి మీదో చెప్పలేను.

ఆసుపత్రిలో ఆవిడ లోపలికి రానన్నారు. బయట బెంచీ చివర ఒదిగి కూర్చున్నారు. తలుపు తెరుచుకున్నప్పుడల్లా నా చెయ్యి నలిపేస్తున్నారు. చాలాసేపటికి ఉదయ్ వచ్చి, బిడ్డ గుండె బాగానే కొట్టుకుంటోందని, రాత్రికి ఇక్కడే ఉంచి చూస్తారని చెప్పాడు. కాత్యాయని గారు కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చేశారు. ఏడుస్తూనే లేచారు. తనను చూస్తే ఆ పిల్ల మళ్ళీ బెదురుతుంది, వెళ్ళిపోదాం పదమన్నారు.

"నిఖిల మిమ్మల్నే రమ్మంటోంది ఆంటీ," అన్నాడు ఉదయ్.

లోపల నిఖిల పొట్ట మీద బెల్టు కట్టి ఉంది. పక్కన మిషన్‌లో గుండె చప్పుడు గబగబా వినబడుతోంది. ఆవిడ గుమ్మం దగ్గరే ఆగి చేతులు వెనక్కి పెట్టుకున్నారు.

"దగ్గరికి రండి. చెయ్యి ఇక్కడ పెట్టండి," అంది నిఖిల.

"వద్దు తల్లీ. నా చెయ్యి వద్దు."

"మిమ్మల్ని చూసి భయపడ్డ ఆంటీ. బొమ్మను చూసి కాదు. ఆ భయం కడుపుల పెట్టుకుని నేను ఇంటికి రాలేను. చెయ్యి పెట్టండి."

కాత్యాయని గారు నావైపు చూశారు. నేను తల ఊపాను. మెల్లగా వెళ్ళి, నిఖిల చూపించిన చోట అరచెయ్యి ఆనించారు. నిఖిల కళ్ళు గట్టిగా మూసుకుంది. అయినా ఆవిడ మణికట్టు పట్టుకుని వదలలేదు.