కుప్పయ్య చూడని ఆట

చిత్తూరులో గాజుల కుప్పయ్యను ఎరగని ఆడవాళ్లు తక్కువ. గాజుల సరాలు గుచ్చిన మలారం భుజాన వేసుకుని ఐరాల దాకా పల్లెలన్నీ తిరిగేవాడు. భార్య చనిపోయి చాలా కాలమైంది, పిల్లలు లేరు. అతనికి ఉన్న పిచ్చి ఒక్కటే, బాస్కెట్ బాల్.

అది పట్టుకున్నది రెండో ప్రపంచ యుద్ధం వచ్చిన మరుసటేడు. ఒక సాయంత్రం మిషన్ బడి పక్కగా ఇంటికి వస్తుంటే గోడ అవతల కేకలు వినిపించి తొంగి చూశాడు. పొడవాటి కొయ్య, పైన ఇనుప చుట్టు, దానికి వేలాడుతున్న తాళ్ల వల. అడుగు లేని బుట్ట ఎందుకు కట్టుకున్నారో అతనికి అర్థం కాలేదు. అంతలో సన్నటి మనిషి ఒకడు ఎగిరి బంతి విసిరాడు. అది గాలిలో వంపు తిరిగి, చుట్టును తాకకుండా వలలోంచి జారి కింద పడింది. కుప్పయ్య ఒళ్లు జలదరించింది. బిగుతు గాజు చేతి ఎముక దాటి మణికట్టు మీదికి జారే క్షణం ఎట్లా ఉంటుందో అతనికి తెలుసు. అదే పనిని ఎవరో అంత దూరం నుంచి, చెయ్యి తగలకుండా చేసి చూపించినట్టు అనిపించింది.

ఆ సన్నటి మనిషి రాజారత్నం, బడిలో డ్రాయింగు అయ్యవారు, ఊరి జట్టుకు కెప్టెను. ఆనాటి నుంచి ఆట ఉన్న ప్రతి సాయంత్రం కుప్పయ్య గోడ దగ్గర హాజరు. కొన్నాళ్లకు వాళ్లే లోపలికి పిలిచి బెంచీ మీద కూర్చోబెట్టారు.

ఏటా ఎండాకాలం ముందు చిత్తూరు జట్టు వేలూరు పోయి అక్కడి జట్టుతో ఆడేది. ఏటా ఓడేది. రైలులో తిరిగి వస్తూ వచ్చే ఏడు గెలుస్తామని అందరికంటే గట్టిగా చెప్పేవాడు కుప్పయ్యే. తర్వాత జట్టులో ఇద్దరు పటాలంలో చేరారు, ఒకడే తిరిగొచ్చాడు. మిగిలినవాళ్లకు పెళ్లిళ్లయ్యాయి, ఒళ్లు వచ్చింది. కుప్పయ్య మాటలో కూడా బలం తగ్గింది. నలభై ఆరులో అయ్యవారికి మదనపల్లెకు బదిలీ అయింది. వేలూరులో ఆడే ఆ ఆటే జట్టుకు ఆఖరిదని అందరికీ తెలుసు.

మలారం వదిలి ఎక్కడికీ పోని మనిషి కాబట్టి వేలూరుకూ దాన్ని వేసుకునే పోయాడు. జట్టు ముందు నడిచింది, అతను వెనకబడ్డాడు. ఆట స్థలం ఆస్పత్రి వీధి చివర ఉంది. ఆస్పత్రి గేటు దగ్గర చంకలో చంటిబిడ్డతో ఒకామె అటూ ఇటూ చూస్తూ నిలబడి ఉంది. కుప్పయ్యను చూసి తెలుగులో పలకరించింది. వడమాలపేట దగ్గర పల్లె అట. మొగుడు జ్వరం ముదిరి లోపల పడుకుని ఉన్నాడు, ఆ వార్డులోకి బిడ్డల్ని రానివ్వరు.

"రవ్వంతసేపు ఎత్తుకోన్నా, ఆయన్ని సూసొస్తాను," అంది.

కుప్పయ్య తడబడ్డాడు. "నేనెవురో నీకు తెల్దు గదమ్మా."

"గాజులేసే చెయ్యి గదన్నా. బిడ్డకు నొప్పి కానిస్తావా?"

బిడ్డను అతని చేతుల్లో పెట్టి లోపలికి పోయింది.

కుప్పయ్య అరుగు మీద కూర్చున్నాడు. వీధి చివర ఈల మోగింది, ఆట మొదలైంది. బిడ్డను ఎత్తుకుని అక్కడికి పోదామా అని ఒక్కసారి లేచాడు. ఆమె బయటికి వచ్చి, ఈ అరుగు ఖాళీగా కనబడితే? మళ్లీ కూర్చున్నాడు. అరుపులు లేచినప్పుడల్లా ఎవరు వేశారో ఊహించుకోబోయాడు గానీ మనసు నిలవలేదు. కన్నబిడ్డను, తన పేరైనా అడక్కుండా ఇచ్చేసి పోయింది. ఇంతకాలం ఎందరో ముక్కూ మొహం తెలియని ఆడవాళ్లు తన ముందు చేతులు చాపారు. గాజు పగిలితే తెగేది వాళ్ల చెయ్యే. అయినా నమ్మి చాపారని అతనికి ఇన్నాళ్లూ తట్టలేదు. బిడ్డ మలారం లాగి గాజులు గలగలమనిపించింది, ఉతికిన పంచె తడిపింది, నిద్రపోయింది. అంత చిన్న ముఖం కేసి చూస్తూ, లేస్తుందేమోనని ఊపిరి కూడా మెల్లగా తీసుకున్నాడు.

చెమటతో తడిసిన చొక్కాలతో జట్టు తిరిగొచ్చింది. కుప్పయ్య రాలేదేమని వాళ్లు ఆట మధ్యలో వెతుక్కున్నారట. ఆఖరి బంతి చుట్టు మీద తిరిగి తిరిగి బయటికే పడిందని రాజారత్నం చెప్పాడు. కుప్పయ్య తలూపాడు.

"ఎవురి బిడ్డప్పా?" అని అడిగాడు రాజారత్నం.

"తెల్దు అయ్యోరా. నా మొగం ఒకసారి సూసింది, ఇచ్చేసి పొయ్యింది."

రాజారత్నం అతని పక్కన అరుగు మీద కూర్చున్నాడు. ఒకరి తర్వాత ఒకరు తక్కినవాళ్లూ కూర్చున్నారు. రైలుకు ఆలస్యమవుతుందని ఎవరూ గుర్తు చెయ్యలేదు.

దీపాలు పెట్టే వేళకు ఆమె వచ్చింది. మొగుడు కళ్లు తెరిచి గంజి అడిగాడట. అప్పటికి బిడ్డ లేచి, జట్టులో అందరికంటే పొడుగు మనిషి సుబ్రమణ్యం భుజమెక్కి ఉంది. ఆ బారెడు మనుషుల వరసను చూసి ఆమె కంగారు పడలేదు. నవ్వి, చేతులు చాపి బిడ్డను అందుకుంది.

"పొయ్యొస్తానన్నా," అని చీకట్లో కలిసిపోయింది.

రాజారత్నం మదనపల్లె పోయాక జట్టు మళ్లీ కూడలేదు. కొన్ని సాయంత్రాలు కుప్పయ్య బడి గోడ దగ్గర ఊరికే నిలబడి వచ్చేవాడు. తర్వాత అదీ మానేశాడు. అయితే గాజులకని వేలూరు పోయినప్పుడల్లా ఆ ఆస్పత్రి అరుగు మీద ఒక పూట కూర్చునేవాడు. లోపలికి పోయేవాళ్లు గొడుగులు, మూటలు, ఒక్కోసారి బిడ్డల్ని కూడా అతనికి అప్పగించేవాళ్లు. ఇచ్చాక వెనక్కి తిరిగి చూస్తారేమోనని ప్రతిసారీ గమనించేవాడు. చాలామంది చూసేవాళ్లు కాదు.