ఇరవై రెండున్నర

మొన్న ఆదివారం మేనకోడలు లెక్కల పుస్తకం తెచ్చి నా ముందు పడేసి, "అత్తా, ఇందులో రెండు గళ్ళు ఖాళీ. మధ్యగతం ఇచ్చీసినారు. ఏటి సెయ్యాల?" అంది. నలుగురిలో నోరు విప్పడం రాని నాకు ఆ లెక్క చెప్పడం మాత్రం వచ్చు. ఎందుకంటే ఒకప్పుడు దాన్ని మా వదినకు, అంటే ఈ పిల్ల తల్లికి, చెప్పాను.

అప్పట్లో వదిన పొందూరులో మా వీధి అంగన్‌వాడీలో ఆయా. అక్కడి పంతులమ్మ రిటైరవబోతోంది. పదో తరగతి పాసైతే ఆ పని వదినకు రావచ్చు. పెళ్ళికి ముందు ఆవిడ తప్పింది ఒక్క లెక్కల్లోనే, అందుకని మళ్ళీ పరీక్షకు కట్టింది. సాయంత్రాలు వంటింటి గడప మీద కూర్చునేవాళ్ళం, ఆవిడ ఒళ్ళో పుస్తకం, పొయ్యి మీద కూర. "ఆ గళ్ళల్లోవి ఎవడు తినీసినాడో గానీ, నా కూర మాడిపోతన్నాది సూడండే" అనేది అమ్మ.

పరీక్షకు వారం ముందు చేసిన లెక్క నలభై అయిదు మంది పిల్లల మార్కులది. పది నుంచి ఇరవై లోపు ఎందరో, ముప్పై నుంచి నలభై లోపు ఎందరో ఇవ్వలేదు. తెలిసినవి తీసేస్తే ఆ రెండూ కలిపి పదిహేనని వదిన ఇట్టే చెప్పింది. ఇచ్చిన మధ్యగతాన్ని, అంటే వరసలో సరిగ్గా నడిమి చోట పడే మార్కును, సూత్రంలో పెడితే మొదటి గడి తేలాలి. తేలింది, ఆరున్నర. రెండోది ఎనిమిదిన్నర. "ఒలే, సగం పిల్ల ఏ బళ్ళో ఉంటాదే? నానింక పాసవను" అని పెన్సిలు కింద పెట్టేసింది.

వెనక్కి వెళ్ళి చూస్తే నలభై అయిదులో సగానికి ఆవిడ ఇరవై మూడు వేసింది. ఇరవై రెండున్నర కదా అంటే, "మనిషిని కోసీలేం కదేటి!" అంది. రోజూ పిల్లల తలలు లెక్కపెట్టి గుడ్లు పంచే మనిషి మరి.

"అది మనిషి కాదు వదినా, వరసలో సోటు. ఇద్దరి మధ్యన కూడా సోటుంటాది" అన్నాను. అంత పొడుగు మాట నేను పైకి అనడం అరుదు. ఈసారి ఆరూ తొమ్మిదీ వచ్చాయి. "రెండూ నిండు మనుషులే" అని వదిన కూర దించడానికి లేచింది.

పరీక్షలో అలాంటిదే ఒకటి వచ్చింది. వదినకు సరిగ్గా ముప్పై అయిదు మార్కులు. అయినా పంతులమ్మ దిగిపోయిన పదకొండు నెలలకు గానీ ఉద్యోగం కాగితం రాలేదు. అన్నాళ్ళూ ఊడ్చిందీ, వండిందీ, పాటలు నేర్పిందీ ఆవిడే, ఆయా పేరు మీదే. ఆవిడ పంతులమ్మ అయిన తేదీ కాగితం మీద ఉంది. పిల్లలు మాత్రం అంతకు చాలా ముందే ఆవిడను టీచరమ్మా అని పిలవడం మొదలెట్టారు. అది ఏ రోజో రోజూ డైరీ రాసే నేను కూడా రాసుకోలేదు.